నాకు ఎక్కించిన నాలుగో బ్యాగు

ఆ రోజు పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కొని, సంచిని ఎడమ ముంజేతికి తగిలించుకుని బస్సెక్కాను. కూర్చోడానికి చోటు లేక గోపాలపట్నం దాకా నిలబడే వచ్చాను. ఇంటికొచ్చి చొక్కా విప్పితే, సంచి తాళ్లు ఒరుసుకున్న చోట రెండు నల్లటి చారలు కనపడ్డాయి. సిరా ఒలికి ఇంకినట్టున్నాయి. నొప్పేమీ లేదు. మా ఆవిడ రమణమ్మ నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లి తిప్పి చూసింది.

"ఏటండీ ఇది? ఎవులైనా కొట్టారేటి?"

"వంకాయలు కొట్టాయి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అంతకు పది పదిహేను రోజులుగా నేను మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగుతున్నానని ఆవిడ గమనించింది. నేను వయసు అనుకున్నాను. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటే ఉమ్మంతా ఎరుపు. పిక్కల మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు. అప్పుడు భయం వేసింది.

ముప్పై ఏళ్లు ఒక దినపత్రికలో పనిచేశాను. సగం కాలం పోర్టు, స్టీలు ప్లాంటు వార్తలు తెచ్చే విలేకరిగా, మిగతా సగం డెస్కులో. రిటైరై ఏడాది అయింది. ఇతరుల జబ్బుల గురించి చాలా రాశాను. నా జబ్బు గురించి ఇదే మొదటిసారి. ఎక్కడా కలపకుండా, దాచకుండా రాయాలని కూర్చున్నాను. దాచాలనిపించే చోట్లు ఇందులో రెండు మూడు ఉన్నాయి.

రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్షకు రక్తమిచ్చి ఇంటికొచ్చిన గంటన్నరకే ల్యాబ్ నుంచి ఫోన్. "సార్, బండి నడపకండి. ఎక్కడా తగలకుండా, పడకుండా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి." రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ లక్షన్నర ఉండాలి, నాకు తొమ్మిది వేలున్నాయి. హిమోగ్లోబిన్ ఏడు. తెల్లకణాలు కూడా అడుగంటాయి.

నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. తుంటి ఎముకలోంచి బోన్ మ్యారో తీశారు. మూడో రోజు రక్తం జబ్బులు చూసే హెమటాలజిస్ట్ నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నడివయసు డాక్టరమ్మ. తొందర లేని మనిషి.

"కాన్సర్ కాదు. అప్లాస్టిక్ ఎనీమియా. రక్తం తయారయ్యే చోటు ఖాళీగా ఉంది. ఫ్యాక్టరీ ఉంది, లోపల వర్కర్లు లేరు."

"సమ్మెలో ఉన్నారా?"

"లాకౌట్ అనుకోండి," అన్నారామె. "ఏటీజీ అనే మందు ఎక్కిస్తాం. పని చేయడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా మిమ్మల్ని ప్లేట్‌లెట్స్ మీద నిలబెట్టాలి. దాతలను చూసుకోండి."

ఆసుపత్రుల్లో ఈ మాట విననివారుండరు. దాతలను మనమే తెచ్చుకోవాలి. ముందు అందరికీ శాంపిల్స్ తీసి ఉంచుతారు. అవసరమైన రోజున ఒక్కొక్కరిని పిలిచి, యంత్రం మీద పడుకోబెట్టి, ప్లేట్‌లెట్స్ మాత్రం తీసుకుని మిగతా రక్తం వాళ్లకే తిరిగి పంపుతారు.

రమణమ్మ తమ్ముడు అప్పలరాజు అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ఆపరేటర్. వాళ్లది విజయనగరం వైపు పల్లె. అక్క ఏడుస్తూ ఫోన్ చేసిందని షిఫ్టు దిగినవాడు దిగినట్టే, తన లైన్‌లో పనిచేసే ఆరుగురిని వ్యాన్ ఎక్కించుకుని వచ్చేశాడు. తనతో కలిపి ఏడుగురు. బ్లడ్ బ్యాంకులో ఏడు ఫారాలు చేతిలో పెట్టి, "పేషెంటు దగ్గర కూర్చుని నింపించుకు రండి" అన్నారట. ఏడుగురూ నా గదిలోకి వచ్చారు. యంత్రాల నూనె వాసన, సబ్బు వాసన కలిసి గది నిండిపోయింది.

"బావా, ఇది ఇంగ్లీసు," అన్నాడు అప్పలరాజు. "నువ్వు పేపరోడివి గదా. బేగి రాసిచ్చీ, వ్యానోడు ఆగనంతన్నాడు."

నాకు ఎడమ చేతికి సెలైన్ సూది. కుడి చెయ్యి ఖాళీ. కలం అందుకున్నాను. పేరు, వయసు, బరువు అడిగి రాశాను.

"నా బరువు ఎంత రాయమంతారు బావగారూ?" అన్నాడొక లావుపాటి కుర్రవాడు.

"ఈడి బరువు రాయొద్దు బావా, కాయితం సిరిగిపోద్ది," అన్నాడు అప్పలరాజు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తరవాత ప్రశ్నలు. పచ్చకామెర్లు వచ్చాయా, ఇంజక్షన్లు చేయించుకున్నారా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, ఇంకా మొగవాళ్లు పదిమందిలో చెప్పుకోలేని ప్రశ్నలు. రెండు పేజీలు. వాటిని అడగలేదు. "లేదు" అన్న గడిలో పైనుంచి కిందికి గీతలు పెట్టుకుంటూ పోయాను. డెస్కులో ప్రూఫులు దిద్దిన చెయ్యి. ఏడు ఫారాలూ పావుగంటలో అయిపోయాయి. వాళ్లు సంతకాలు పెట్టి పట్టుకెళ్లారు. జబ్బుపడ్డాక ఒకరికి పనికొచ్చానన్న తృప్తి కలిగింది నాకు.

రెండు నెలల్లో పదకొండు బ్యాగులు ఎక్కించారు. ఆరు ఈ ఏడుగురిలోని వాళ్లవి, అయిదు బ్లడ్ బ్యాంకు నిల్వలోవి. నాకొక అలవాటుంది. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, కనపడిన నంబరల్లా రాసుకుంటాను. ప్రతి బ్యాగు మీది నంబరూ, తేదీ, ఎక్కించిన నర్సు పేరూ రాసుకున్నాను. నర్సులు నవ్వేవారు. "ఏం సార్, మా మీద కేసు పెడతారా?" అనేవారు.

ఏటీజీ మెల్లగా పని మొదలుపెట్టింది. మూడో నెల చివరికి ప్లేట్‌లెట్స్ ఇరవై వేలు దాటి, ఎక్కించకుండానే నిలబడ్డాయి. రమణమ్మ ఇంట్లో గారెలు వండింది. ఆ గారెల వాసనకే నాకు కడుపు తిప్పింది. నూనె చూస్తే వాంతి. నాలుగు రోజులకు మూత్రం పసుపు, కళ్లు పసుపు. లివర్ పరీక్షలో అంకెలు ఆకాశంలో ఉన్నాయి. ఇంకో పరీక్ష రాశారు. హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ పాజిటివ్. హెపటైటిస్ సి, లివర్‌ను పట్టే వైరస్.

"చేరిన రోజు మీకు ఇది నెగటివ్," అన్నారు డాక్టరమ్మ. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. "రక్తం ద్వారానే వచ్చింది. దాచి లాభం లేదు. దీనికి మంచి మాత్రలున్నాయి, పన్నెండు వారాలు. దాదాపు అందరికీ పోతుంది. మీరు వాడే మందులకు అడ్డురాకుండా చూసి ఇస్తాం."

పోతుందన్న మాట నాకు వినపడలేదు. వచ్చిందన్న మాట దగ్గరే ఆగిపోయాను.

కిందికి దిగి బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసర్ ఎదుట కూర్చున్నాను. చక్కగా దువ్విన తల, జేబులో రెండు పెన్నులు. నా కాగితాలు చూసి వెనక్కి జరిపాడు.

"విండో పీరియడ్ అండీ. ఒంట్లో వైరస్ చేరిన కొత్తలో మా ఎలైజా టెస్టుకి దొరకదు. నాట్ అని ఇంకో టెస్టు ఉంది, దానికి తొందరగా దొరుకుతుంది. మా దగ్గర లేదు. విదేశాల్లో అయితే బ్యాగునే లైటు కింద పెట్టి వైరస్‌ని చంపేస్తారు. అవన్నీ మనకెక్కడ?"

"మరి దాతలను మీరు సరిగ్గా ప్రశ్నించారా?"

"ఫారాలున్నాయిగా." అప్పుడు నవ్వాడు. "అయినా వాళ్లు మీరు తెచ్చుకున్నవాళ్లేగా?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన పళ్లు కూడా లెక్కపెట్టి చెప్పగలను.

ఆ పూట నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి "ఎవడు?" అని రాశాను. కింద రెండు గీతలు గీశాను. చాలామంది మనసుకు నెమ్మది కోసం గుడికెళతారు, ధ్యానం చేస్తారు. నాకు నెమ్మది అక్కర్లేదు. నాకు ఒక పేరు కావాలి. నిద్రలేవగానే దాని గురించే ఆలోచన. ఆకలి లేని రోజుల్లో నన్ను లేపి కూర్చోబెట్టింది అదే అని కూడా చెప్పాలి.

దాతలందరినీ మళ్లీ పిలిచి పరీక్షించాలని బ్లడ్ బ్యాంకుకు ఉత్తరం రాశాను. దాని నకలు, బ్లడ్ బ్యాంకులకు లైసెన్సులిచ్చే ఔషధ నియంత్రణ కార్యాలయానికి పంపాను. ఒకటికి జవాబు రాకపోతే రెండోది, రెండోదానికి రాకపోతే మూడోది. ఎవరిని ఏ భాషలో అడిగితే కదులుతారో ముప్పై ఏళ్లుగా నేర్చుకున్న విద్య అది. చివరికి కదిలారు. ఒక్కొక్కరినే పిలిచి పరీక్షలు చేశారు. పాజిటివ్ వచ్చింది ఒక్కరికే. నాలుగో బ్యాగు.

పేరు నాకు చెప్పకూడదు. వాళ్లు చెప్పలేదు. అప్పలరాజు వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"నూకరాజు బావా. మా లైన్‌లోనే సేత్తడు. డ్యూటీకి సరిగ్గా రావట్నేదు. ఏటిరా అంటే సెప్పట్నేదు. నిన్న కాయితం సూపించాడు."

"నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్లు."

"ఏటి సేత్తావ్?"

"మాట్లాడతాను."

మాట్లాడడానికి వెళ్లడం లేదని మా ఇద్దరికీ తెలుసు. మూడు రోజులు వాక్యాలు తయారుచేసుకున్నాను. వాడి భార్య ముందు, వాటాల్లో ఉన్నవాళ్లందరి ముందు ఏమనాలో, ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాటకు వాడి తల వాలిపోవాలో అన్నీ కుదుర్చుకున్నాను.

అచ్యుతాపురంలో వరసగా కట్టిన అద్దెగదుల్లో ఒకటి వాళ్లది. మిట్టమధ్యాహ్నం. నూకరాజు బనీనుతో చాప మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. గది మూలలో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు విడిగా పెట్టి ఉన్నాయి. భార్య గౌరి నాలుగేళ్ల కూతురిని చంకనెత్తుకుని గది బయటే నిలబడింది. నూకరాజు భుజం కింద లోపలివైపు పచ్చబొట్టు. కూతురి పేరు, చుట్టూ పువ్వులు. రంగు ఇంకా కొత్తగా ఉంది.

"అదెప్పుడు పొడిపించుకున్నావ్?"

"తవరికి ఇచ్చిన ముందు నెల్లో బావగారూ. బీచి కాడ. గుంట పుట్టిన్రోజని."

"ఫారంలో ఎందుకు చెప్పలేదు?"

అతను అప్పలరాజు వైపు చూసి, తరవాత నేల చూశాడు. "నన్నెవులూ అడగనేదు."

అబద్ధం అనుకున్నాను. తయారుచేసుకున్న వాక్యాలన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిని వాడాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే అతనే అడిగాడు:

"ఇది వచ్చినోలు ఎన్నాళ్లు బతుకుతారు బావగారూ? ఆసుపత్రోళ్లు ఓ కాయితం ఇచ్చి పంపేసేరు. తవరు సదువుకున్నోలు, డాక్టర్ల కాడ తిరుగుతన్నారు. గుంట నా కాడికి రాకుండా ఆపేసేం. కంచం తాకితే అంటుకుంతాదంట గదా?"

కంచం తాకితే అంటుకోదు. పిల్లను ఎత్తుకుంటే అంటుకోదు. పన్నెండు వారాల మాత్రలతో పోతుంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ మాత్రల పట్టీ అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

"డాక్టర్లనే అడుగు," అని లేచి వచ్చేశాను.

తిరుగు దారిలో నాకు చాలా నెలల తరవాత ఒళ్లు తేలికైంది. దీనికి ఇంకో పేరు పెట్టను. అది సంతోషమే. నేనేమీ చేయకుండానే అతని మీద పగ తీరుతోంది. నేను నోరు మూసుకుంటే చాలు.

రెండు వారాలకు ప్లేట్‌లెట్స్ మళ్లీ జారాయి. ఆరు వేలు. ముక్కులోంచి రక్తం మొదలై, దూది కూరినా ఆగలేదు, గొంతులోకి దిగుతోంది. మళ్లీ అదే ఆసుపత్రి, అదే మంచం.

"ప్లేట్‌లెట్స్ రాశాను," అన్నారు డాక్టరమ్మ.

"నాకొద్దు. ఇంకొకడి రక్తం నాలోకి రానివ్వను. ఈ బ్లడ్ బ్యాంకుదైతే అసలే వద్దు."

"ఆపకపోతే ఇది రేపటికి మెదడులోకి వెళ్లొచ్చు. మీకు పగ ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

"రెండూ కావాలి."

ఆమె ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడారు. ఊళ్లోనే ఇంకో ఆసుపత్రిలో ఆ లైటు మెషిన్ కొత్తగా వచ్చిందట. "అక్కడికి పంపిస్తాను. అక్కడివైతే ఎక్కించుకుంటారా?" మన ఊళ్లో లేదని ఆ ఆఫీసర్ చెప్పినది మన ఊళ్లోనే ఉంది. ఆ ఒక్క కారణానికే ఒప్పుకున్నాను.

ఆ ఆసుపత్రిలో మొదటి బ్యాగు చూసి నేనూ రమణమ్మా మొహాలు చూసుకున్నాం. ప్లేట్‌లెట్స్ ఎప్పుడూ లేత గడ్డి రంగులో ఉంటాయి. ఇది పసుపుపచ్చగా, మెరుస్తూ ఉంది. "బీ కాంప్లెక్స్ మాత్ర కరిగించినట్టుంది," అన్నాను. నర్సు, "అదే సార్, అందులోదే," అంది. ఎక్కుతున్నంతసేపూ నేను సూది వైపే చూస్తూ, ఎక్కడైనా దురద, వణుకు మొదలవుతుందా అని కాచుకున్నాను. ఏమీ రాలేదు. రెండో బ్యాగు తరవాత ముక్కు ఆగింది.

మూడో బ్యాగు రోజున, ఆ మెషిన్ చూస్తానని పట్టుబడితే వీల్‌చైర్‌లో తీసుకెళ్లారు. అక్కడి బ్లడ్ బ్యాంకు డాక్టర్ పొట్టిగా, దళసరి కళ్లద్దాలతో ఉన్న యువతి. విసుక్కోకుండా చెప్పింది.

"ఇందులో కలిపేది రైబోఫ్లేవిన్, విటమిన్ బీ టూ. అది వైరస్ లోపలికి వెళ్లి దాని జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. అప్పుడు అల్ట్రావయలెట్ లైటు పడితే ఆ పదార్థం దెబ్బతింటుంది. ఇక ఆ వైరస్ పిల్లల్ని పెట్టలేదు."

"మరి ప్లేట్‌లెట్స్ దెబ్బతినవా?"

"జన్యుపదార్థం ఉండే న్యూక్లియస్ వాటికి ఉండదు. రక్తం ఆపడానికి వాటికి దాని అవసరం లేదు. కొన్ని నష్టపోతాం, అది ఒప్పుకోవాలి. కొన్ని మొండి వైరస్‌లు దీనికి కూడా లొంగవు. సున్నా అని నేను ప్రమాణం చేయను. కానీ టెస్టు అయితే మనం వెతికినదాన్నే పట్టుకుంటుంది. ఇది మనం వెతకనివాటిని కూడా చాలావరకు కొడుతుంది. మీ హెపటైటిస్ సి లాంటిది లొంగేదే."

బ్యాగును పెట్టెలో పడుకోబెట్టి తలుపు మూసింది. పెట్టె లోపల బ్యాగు అటూ ఇటూ ఊగుతోంది. తెర మీద నిమిషాలు తగ్గుతున్నాయి. అందరూ ఇలాంటి చోట దేవుణ్ణి తలుచుకుంటారేమో. నేను మాత్రం ఆ నిమిషాలన్నీ పళ్లు బిగించి, చావు, చావు అనుకుంటూ కూర్చున్నాను. నన్ను పట్టిన వైరస్ ఆ బ్యాగులో లేకపోవచ్చు. అయినా దాని జాతి అంతా అక్కడ కాలిపోతున్నట్టే చూశాను. కుర్చీ వెనక్కి తిప్పబోతే ఆగమన్నాను. ఆఖరి నిమిషం దాకా ఉన్నాను.

ఆ బ్యాగు ఇచ్చింది అప్పలరాజే. నేను గదికి వచ్చేసరికి, మోచేతికి దూది పెట్టుకుని, మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఏటిరా ఆ మొహం?" అంది రమణమ్మ.

"నీకు కాదులే అక్కా," అని, ఆవిడ నీళ్ల కోసం బయటికి వెళ్లేదాకా ఆగి నా వైపు వంగాడు. "ఆ సిన్న డాక్టరమ్మ తలుపేసీసి, ఒక్కడినీ కూకోబెట్టి అడిగింది బావా. అన్నీ అడిగేసింది. ఎక్కడెక్కడికి ఎల్తావ్, ఎవులితో ఎల్తావ్. సెమట్లు పట్టేసేయి. మెషినుంది గదా ఇంకా ఎందుకమ్మా అంటే, మెషినున్నాదని అడగడం మానేత్తామా అంతది. అక్కకి సెప్పకు."

నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు.

"ఆ ఆసుపత్రిలో ఇలగ ఎవులూ అడగనేదు బావా. ఒక్కడినీ అడగనేదు. అన్నీ నువ్వే రాసీసేవ్ గదా. నూకరాజు ఆ యాల నీ మంచం ఎనకాల నిలబడి, పచ్చబొట్టు గురించి ఏదో ఉన్నాదంట గదా అన్నాడు. ఇయన్నీ ఊరికే, సంతకం ఎట్టు అన్నావ్ నువ్వు. నీకు గుర్తు నేదేటి?"

గుర్తు లేదు. ఎంత వెతికినా ఆ మాట నా గొంతుతో నాకు వినపడడం లేదు. కానీ అది నేను అనే మాటే. డెస్కులో రోజుకు ఇరవైసార్లు అన్న మాట. ఇవన్నీ ఊరికే, కానిచ్చేయ్.

ఆ సాయంత్రం నూకరాజుకు ఫోన్ చేశాను. మాత్రల సంగతి చెప్పాను, ఎక్కడ ఇస్తారో చెప్పాను, కంచం తాకితే అంటుకోదని చెప్పాను. అతని చేతిలోంచి ఫోన్ గౌరి తీసుకుంది.

"ఇది మొన్న వచ్చిన్రోజు తవరికి తెల్దా?"

"తెలుసు."

"తవరు వచ్చెల్లినాక పందొమ్మిది రోజులు నా గుంట ఆళ్ల నాన్న కాడికి ఎల్లనేదు. గుమ్మం కాడ కూకుని ఏడిసేది. తవరికి తెలిసీ!"

ఫోన్ పెట్టేసింది. రోజులు ఆమె కూడా లెక్కపెట్టింది.

ఆ వారంలోనే ఔషధ నియంత్రణ కార్యాలయం నుంచి తపాలా వచ్చింది. నా ఫిర్యాదుకు బ్లడ్ బ్యాంకు ఇచ్చిన జవాబు, దానికి జతగా ఏడు ఫారాల నకళ్లు. ఏడింటిలోనూ నా చేతిరాత. ఒక్కటే వాలు, ఒక్కటే తొందర. తరవాత పేజీ తిప్పాను. రెండో పేజీ అడుగున ముద్ర కొట్టిన ఒక వాక్యం: దాతను ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నించి, జవాబులు సరిచూశాను. దాని కింద ఆ ఆఫీసర్ సంతకం. ఏడు ఫారాల మీద ఏడు సంతకాలు.

అప్పలరాజు చూసి కాగితాలు మడిచేశాడు. "ఒగ్గేయ్ బావా. ఈ ఫిర్యాదు ఎనక్కి తీసేసుకో. ఇది బయటికొత్తే తప్పు నీ నెత్తినే కొడతారు. ఆడు లాయర్ని ఎట్టుకుంతాడు. సుట్టాల్లో ఏటనుకుంతారు? నీ గోతిలో నువ్వే పడ్డావంతారు."

నిజమే. నాలుగు రోజులు ఆలోచించాను. వెనక్కి తీసుకుంటే నా చేతిరాత ఎవరికీ తెలియదు. నూకరాజు దోషిగా మిగిలిపోతాడు, అతను కాదనడు కూడా. ఆ ఆఫీసర్ ఇంకో ఏడు ఫారాల మీద సంతకాలు పెడతాడు, ఇంకొకరి ఎదుట నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గర నా ఆలోచన తెగింది. ఏడు ఫారాలూ నేనే రాశానని నేను ఒప్పుకుంటేనే, వాళ్లలో ఎవరినీ అతను అడగలేదని రుజువవుతుంది. అతన్ని పట్టుకోవాలంటే ముందు నన్ను నేను పట్టివ్వాలి. పట్టిచ్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, కార్యాలయంలో ఇచ్చాను.

విచారణ రోజు బ్లడ్ బ్యాంకు ఆఫీసర్ ఫారాలు బల్ల మీద పరిచి, విచారణ జరిపే అధికారితో అన్నాడు: "ఈ రాత పేషెంటుదే సార్. తప్పుడు సమాచారం ఆయనే రాశారు."

"అవును, నేనే రాశాను," అన్నాను. "నా మంచం మీద కూర్చుని రాశాను. ఏడుగురూ నా గదిలోనే ఉన్నారు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా తప్పు అది. మరి మీరు వీళ్లను ఏ గదిలో, ఎప్పుడు, ఒంటరిగా కూర్చోబెట్టి అడిగారో చెప్పండి. నూకరాజు భుజం కింద పచ్చబొట్టు మీకు ఎందుకు కనపడలేదో చెప్పండి."

అతను అధికారి వైపు చూశాడు. అధికారి సంతకాల వైపు చూస్తున్నాడు. నేను ఆ మౌనాన్ని తొందరపడి చెడగొట్టలేదు. చివరిదాకా అనుభవించాను.

విచారణ ఇంకా సాగుతోంది. వాయిదాలు పడుతున్నాయి. నేను ఒక్కటీ మానలేదు. ఆసుపత్రివాళ్లు మా ఇంటికి మనిషిని పంపారు, కూర్చుని మాట్లాడుకుందామన్నారు. రమణమ్మ టీ ఇచ్చి పంపేసింది. ఫారాలు నింపుతున్న రోజున ఆవిడ కూడా ఆ గదిలోనే ఉంది. ఒకసారి మాత్రం అంది, "నాను కూడా ఆపలేదు గదండీ," అని. అంతకు మించి దాని గురించి మేము మాట్లాడుకోలేదు.

మాత్రలు పూర్తయిన పన్నెండు వారాలకు నాకు మళ్లీ ఆర్ఎన్ఏ పరీక్ష చేశారు. వైరస్ లేదు. ప్లేట్‌లెట్స్ అరవై వేల దగ్గర ఆగి ఉన్నాయి. డాక్టరమ్మ ఇది చాలంటున్నారు. జబ్బు తిరగబడకుండా సైక్లోస్పోరిన్ మాత్రలు వాడుతున్నాను, వాటివల్ల చేతులు కాస్త వణుకుతాయి. పూర్ణా మార్కెట్‌కు మళ్లీ వెళుతున్నాను. సంచి మాత్రం రమణమ్మ మోస్తుంది. అవసరం పడితే ఎక్కించుకోవడానికి లైటు కింద పెట్టిన ప్లేట్‌లెట్సే కావాలని నా ఫైలు మీద రాయించుకున్నాను.

నూకరాజుకు కూడా పోయింది. ఈ సంగతి అప్పలరాజు చెప్పాడు. నూకరాజు నాతో మాట్లాడడు, నేను మాట్లాడబోలేదు. గౌరి నన్ను క్షమించలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ క్షమించను. కానీ వచ్చే వాయిదాకు అతను సాక్షిగా వస్తానని ఒప్పుకున్నాడు. నా కోసం కాదని స్పష్టంగా చెప్పి మరీ ఒప్పుకున్నాడట. అది నాకు సరిపోతుంది.

ఇది చదివే రోగులకు, రోగుల బంధువులకు ఒక్కటే చెబుతాను. మీ కోసం రక్తమిచ్చేవాళ్ల ఫారం మీరు ముట్టుకోకండి. ఇంగ్లీషు రాకపోతే బ్లడ్ బ్యాంకువాళ్లనే చదివి చెప్పమనండి. ఎంత మంచి టెస్టు ఉన్నా, ఎంత గొప్ప లైటు ఉన్నా, దాతలను ఒక్కొక్కరినే లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి అడగాలి. అడుగుతారో లేదో కాపలా కాయండి, అడగకపోతే పోట్లాడండి. తలుపు మూశాక మాత్రం దూరంగా వెళ్లి నిలబడండి. లోపల వాళ్లు చెప్పేది మీకు వినపడకూడదు.